ఫిట్స్‌కు ఏ మందు, ఎవరికి? నల్లగొండ, పాలమూరు ఇళ్ల కోసం ఒక పోలిక

"అన్నా, ఇద్దరు డాక్టర్లు రెండు రకాల మందులు రాసిండ్రు. ఇందులో ఏది మంచిది?" మందుల దుకాణంలో నిలబడేవాళ్లకు ఇది అలవాటైన ప్రశ్న. ఒక చీటీ మీద లెవిటిరాసెటం ఉంటుంది, ఇంకో చీటీ మీద వాల్‌ప్రోయేట్. ఇంట్లో పెద్దాయన పాత గార్డినాలే నయం, చవక అంటాడు. చుట్టాల్లో ఎవరికో ఎప్టాయిన్‌తో, అంటే ఫినటాయిన్‌తో, పూర్తిగా తగ్గిపోయిందని ఇంకొకరు చెబుతారు. చివరికి ఏదీ సరిగ్గా వాడకుండానే నెల గడిచిపోతుంది.

అందరికీ పనికొచ్చే ఒక్క గొప్ప మందు మూర్ఛలో లేదు. తమ్ముడికి సరిగ్గా కుదిరిన గోలీ అక్కకు ప్రమాదం కావచ్చు. అందుకే ఏ మందు బలమైనదని కాకుండా, ఈ మనిషికి, ఈ రకం ఫిట్స్‌కి, ఈ బతుకుతెరువుకి ఏది కుదురుతుందని అడగాలి. మోతాదు నిర్ణయించేది డాక్టరే. కానీ ఆ గదిలో మనకు దొరికే కొద్ది నిమిషాల్లో ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలిసి వెళ్తే సరైన మందు తొందరగా దొరుకుతుంది.

మందు పేరు కంటే ముందు

మొదట తేలాల్సింది ఫిట్స్ రకం. స్థూలంగా రెండు రకాలు అనుకోండి. మొదటి రకం మెదడులో ఒక చోట మొదలవుతుంది. నోరు ఒక పక్కకు లాగుతుంది, ఒక చేయే కొట్టుకుంటుంది, లేదా మనిషి కాసేపు ఎటో చూస్తూ పెదాలు చప్పరిస్తాడు, పిలిస్తే పలకడు. ఆ తర్వాత ఒళ్లంతా కొట్టుకోవచ్చు, కొట్టుకోకపోవచ్చు. రెండో రకం మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలవుతుంది. పదిహేనేళ్ల పిల్ల పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి చాయ్ గ్లాసు జారవిడుస్తుంది. ఇంట్లోవాళ్లు నిద్రమత్తు అనుకుంటారు. చిన్న పిల్లాడు బడిలో రాస్తూ రాస్తూ కొన్ని సెకన్లు బొమ్మలా ఆగిపోయి మళ్లీ రాస్తాడు. పరధ్యానం అనుకుని సారు తిడతాడు. ఇవి కూడా ఫిట్సే.

ఈ తేడా ఎందుకంటే, మొదటి రకానికి చక్కగా పనిచేసే కార్బమజపీన్, ఫినటాయిన్ రెండో రకంలో ఆ ఉలికిపాట్లను, ఆగిపోవడాలను పెంచగలవు. మందు వాడుతున్నా ఎక్కువైందని ఇల్లంతా టెన్షన్ పడుతుంటే, అసలు తప్పు మందు ఎంపికలోనే ఉండొచ్చు. కాబట్టి ఫిట్స్ వచ్చినప్పుడు ఒకరు మనిషిని పక్కకు తిప్పి పట్టుకుంటే ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్‌కు మూడు పేజీల రిపోర్టు కంటే అర నిమిషం వీడియో ఎక్కువ చెబుతుంది.

రెండోది, అసలు ఇది రోజూ మందు వాడాల్సిన జబ్బేనా? ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు జ్వరంలో వచ్చే ఫిట్స్‌లో చాలావాటికి రోజువారీ మందు అక్కర్లేదు. షుగర్ బాగా పడిపోయినా ఫిట్స్ వస్తాయి. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్స్ కూడా ఫిట్స్ వచ్చే గుణాన్ని పెంచుతాయి. కాబట్టి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకునే ముందే మూర్ఛ ఉందని చెప్పాలి.

మన దేశంలో ఫిట్స్‌కు తరచూ కనిపించే ఇంకో కారణం మెదడులో చేరే బద్దెపురుగు తిత్తులు. పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ ఇది వస్తుంది, ఎందుకంటే ఆ గుడ్లు మలంతో కలుషితమైన నీళ్ల ద్వారా, సరిగ్గా కడగని పచ్చి కూరల ద్వారా కడుపులోకి వెళ్తాయి. స్కాన్‌లో అది కనిపిస్తే ఫిట్స్ మందుతో పాటు వేరే వైద్యం ఉంటుంది. చాలామందికి తిత్తి మానిపోయాక కొంతకాలానికి డాక్టర్ ఫిట్స్ మందు కూడా తగ్గించి ఆపగలుగుతారు. జీవితాంతం మింగాలేమో అన్న భయం అందరి విషయంలో నిజం కాదు.

మూడోది మనిషి. వయసెంత, ఆడా మగా, పిల్లలు కనే వయసా, కాలేయం, కిడ్నీలు ఎలా ఉన్నాయి, మనసు కుంగుబాటు ఎప్పుడైనా ఉందా, టీబీ కోర్సు నడుస్తోందా. నాలుగోది బతుకుతెరువు. రోజుకు ఎన్నిసార్లు మింగగలరు, మీ మండలంలో ఆ మందు ఆగకుండా దొరుకుతుందా, నెల ఖర్చు భరించగలరా. ఈ నాలుగోదాన్ని డాక్టర్లు తక్కువగా అడుగుతారు, మనం తక్కువగా చెబుతాం. నా లెక్కలో మందు ఫెయిలైందని అనుకునే సందర్భాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

పాతవి: ఫినోబార్బిటాల్, ఫినటాయిన్

ఫినోబార్బిటాల్, అంటే మన గార్డినాల్, 1912 నుంచి మూర్ఛకు వాడుకలో ఉంది. చవక. ఒంట్లో చాలా రోజులు నిలుస్తుంది కాబట్టి రాత్రి ఒక్కసారి మింగితే సరిపోతుంది. అప్పుడే పుట్టిన బిడ్డల ఫిట్స్‌కు ఇప్పటికీ మొదట వాడే మందుల్లో ఇదొకటి. కానీ బడికి వెళ్లే పిల్లల్లో మగత, చిరాకు, చదువు మీద ధ్యాస తగ్గడం కనిపిస్తాయి. కొందరు పిల్లలు మగతకు బదులు ఒక్క చోట కూర్చోలేనంత అల్లరి చేస్తారు. ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఈ మందులో చాలా ఎక్కువ.

ఫినటాయిన్‌ను 1938లో మెరిట్, పుట్నం అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు పిల్లులకు కరెంట్ షాక్ ఇచ్చే పరీక్షల ద్వారా వెలికితీశారు. మగత పుట్టించకుండానే ఫిట్స్ ఆపవచ్చని అప్పుడు తేలింది. అది పెద్ద మలుపు. ఈనాటికీ ఒక చోట మొదలయ్యే ఫిట్స్‌కు అది మంచి మందు, ధర కూడా అందుబాటులోనే ఉంటుంది. దాని చిక్కు మోతాదులో ఉంది. ఒక స్థాయి దాటాక కాలేయం దాన్ని అంత వేగంగా ఖర్చు చేయలేదు. అప్పటిదాకా వంద మిల్లీగ్రాములు పెంచినా ఏమీ కానివాడికి, ఆ తర్వాత చిన్న పెంపుకే నడక తూలుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది, మాట ముద్దగా వస్తుంది. తాగి ఉన్నాడని ఊళ్లో అనుకున్న మనిషికి నిజానికి ఫినటాయిన్ ఎక్కువై ఉండొచ్చు. రక్తంలో దాని స్థాయి చూసే పరీక్ష ఉంది, అడగండి.

పిల్లలకు ఫినటాయిన్ సిరప్ ఇచ్చేవాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి. మందు పొడి సీసా అడుగుకు దిగిపోతుంది. కదపకుండా పోస్తే పై సగంలో మందు తక్కువ, అడుగు సగంలో మందు ఎక్కువ. నెల మొదట్లో ఫిట్స్ వచ్చాయి, నెలాఖరుకు పిల్ల తూలుతోంది అని ఒక తల్లి చెబితే మొదట అడగాల్సింది సీసా కదిపి పోస్తున్నారా అని. ప్రతిసారీ గట్టిగా కదపండి, చెంచాతో కాకుండా సూది లేని సిరంజితో కొలవండి.

ఏళ్ల తరబడి వాడితే ఫినటాయిన్‌తో చిగుళ్లు పెరిగి పళ్ల మీదికి వస్తాయి, ముఖం మీద వెంట్రుకలు రావచ్చు. ఆడపిల్లలకు ఇది చిన్న బాధ కాదు. ఈ రెండు మందులూ, కార్బమజపీన్ కూడా, విటమిన్ డి ని తొందరగా ఖర్చు చేయించి ఎముకలను బలహీనపరుస్తాయి. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ వైపు ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు దెబ్బతిన్న ఇళ్లు ఎన్నో మనకు తెలుసు. ఆ ఇళ్లలో ఎవరికైనా ఈ మందులు మొదలుపెడుతుంటే ఫ్లోరోసిస్ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పి, విటమిన్ డి, కాల్షియం చూడమని అడగండి.

కార్బమజపీన్, ఆక్స్‌కార్బజపీన్

ఒక చోట మొదలయ్యే ఫిట్స్‌కు ఏళ్లుగా నిలిచిన మందులు. కార్బమజపీన్‌కు ఉన్న టెగ్రిటాల్ అనే కంపెనీ పేరు చాలామందికి తెలుసు. మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే అదే రోజు దవాఖానకు వెళ్లాలి, చర్మం ఊడిపోయే తీవ్ర స్థితికి అది మొదలు కావచ్చు. రెండింటిలోనూ, మరీ ముఖ్యంగా ఆక్స్‌కార్బజపీన్‌తో, రక్తంలో సోడియం పడిపోవచ్చు. బీపీకి ఒంట్లో నీరు తీసే గోలీలు వాడే పెద్దవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ.

వాల్‌ప్రోయేట్: బలమూ అదే, భయమూ అదే

రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే ఫిట్స్‌కు దీనికి సాటి మందు ఇప్పటికీ లేదని నా నమ్మకం. ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. 2021లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సనాడ్ టూ అనే పెద్ద బ్రిటిష్ అధ్యయనంలో ఈ రకం ఫిట్స్‌కు వాల్‌ప్రోయేట్‌ను, కొత్తదైన లెవిటిరాసెటం‌ను పక్కపక్కన పెట్టి చూశారు. వాల్‌ప్రోయేటే మెరుగ్గా నిలిచింది. కొత్త మందు కాబట్టి బాగా పనిచేస్తుందని అనుకోవడం తప్పని అది చూపించింది.

కానీ గర్భంలో ఉన్న బిడ్డకు ఇంత హాని చేసే ఫిట్స్ మందు కూడా ఇంకొకటి లేదు. తల్లి వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే ప్రతి వంద మందిలో దాదాపు పది మందికి వెన్ను, గుండె, పెదవి లాంటి చోట్ల పుట్టు లోపాలు ఉంటున్నాయి. అంతకంటే బాధ పెట్టేది, ముప్పై నుంచి నలభై మందికి మాట, చదువు, ఎదుగుదల వెనకబడడం. ఈ రెండోది స్కాన్‌లో కనిపించదు. బిడ్డ నడిచే, మాట్లాడే వయసులో బయటపడుతుంది. అందుకే 2018లో యూరప్ మందుల సంస్థ, గర్భం రాకుండా పక్కా ఏర్పాటు ఉంటే తప్ప, పిల్లలు కనే వయసు ఆడవాళ్లకు దీన్ని ఇవ్వకూడదని కట్టడి చేసింది.

మన దగ్గర జరిగేది వేరు. పదమూడేళ్ల పిల్లకు వాల్‌ప్రోయేట్ మొదలవుతుంది, ఫిట్స్ ఆగిపోతాయి, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, అదే చీటీ ఏళ్ల తరబడి నడుస్తుంది. పిల్లకు పెళ్లవుతుంది. జబ్బు సంగతి అత్తింటివాళ్లకు చెప్పరు, కాబట్టి మందు మార్చుకోవడానికి దవాఖానకు వెళ్లే వీలూ ఉండదు. గర్భం నిలిచాక మూడో నెలలో డాక్టర్ దగ్గరికి వస్తారు. బిడ్డ వెన్ను కట్టుకునే కాలం అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఆడపిల్ల తల్లిదండ్రులను నేను వేడుకునేది ఒక్కటే. పెళ్లి చూపులు మొదలుపెట్టే ముందే న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లి ఈ మందు మార్చవచ్చా అని అడగండి. మార్చడానికి నెలలు పడుతుంది. జబ్బు దాచాల్సిన పని కూడా లేదు. 1999 సవరణతో హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డుగా ఉన్న మూర్ఛ అన్న మాట తీసేశారు. ఇప్పటికే గర్భం ఉంటే మాత్రం భయపడి సొంతంగా మందు ఆపొద్దు. ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాల మీదికి తెస్తాయి. అదే రోజు డాక్టర్‌ను కలవండి.

మగవాళ్లకూ కొన్ని ఇబ్బందులున్నాయి: బరువు పెరగడం, జుట్టు పలచబడడం, చేతుల వణుకు. కాలేయం చూసుకోవాలి. ఇంకో సంగతి, ఈ గోలీలు గాలిలో తేమను పీల్చుకుంటాయి. వారానికి సరిపడా విప్పి డబ్బాలో పోసి పెడితే జిగురుగా, మెత్తగా అయిపోతాయి. మింగేటప్పుడే రేకులోంచి తీయండి. నెమ్మదిగా కరిగే రకం గోలీని నూరి పిల్లలకు ఇవ్వొద్దు, వాళ్లకు సిరప్ ఉంది.

లెవిటిరాసెటం, లామోట్రిజిన్

ఇప్పుడు చీటీల మీద ఎక్కువగా కనిపించేది లెవిటిరాసెటం. దీని పుట్టుక వేరే తీరు. ఎలుకలకు కరెంట్ షాక్ ఇచ్చి, లేదా పెంటిలీన్‌టెట్రజోల్ అనే రసాయనం ఎక్కించి ఫిట్స్ తెప్పించి, మందు వాటిని ఆపుతుందా అని చూడడం పాత పద్ధతి. ఆ రెండు పరీక్షల్లోనూ లెవిటిరాసెటం పనిచేయలేదు. కానీ మెదడును కొద్దికొద్దిగా ప్రేరేపించి నిజమైన మూర్ఛలా తయారుచేసిన ఎలుకల్లో అది ఫిట్స్‌ను ఆపింది. నరాల కొసల్లో సందేశ రసాయనాలు నింపుకున్న తిత్తుల మీద ఉండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు అది అంటుకుంటుంది. పాత మందులేవీ ఆ చోట పనిచేయవు. అందుకే పాత మందులకు లొంగని కొందరికి ఇది పనిచేసింది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది.

దీని గొప్ప సుగుణం వేరే మందులతో గొడవ పెట్టుకోకపోవడం. టీబీ కోర్సు నడుస్తున్నవాళ్లకు ఇది పెద్ద వరం. టీబీ మందుల్లో ఐసోనియజిడ్ ఫినటాయిన్‌ను, కార్బమజపీన్‌ను ఒంట్లో పెంచుతుంది, రిఫాంపిసిన్ లామోట్రిజిన్‌ను పడగొడుతుంది, లెవిటిరాసెటం జోలికి అవి పెద్దగా పోవు. మొదటి వారంలోనే పనిచేసే మోతాదుకు చేరవచ్చు. గర్భంలో బిడ్డకు హాని చాలా తక్కువ. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గించాలి. అసలు చిక్కు స్వభావంలో వస్తుంది. నెమ్మదైన పిల్లాడు వస్తువులు విసిరేస్తాడు, భార్య మీద ఎప్పుడూ గొంతు పెంచని మనిషి రోజూ గొడవ పడతాడు. కొందరికి మనసు కుంగిపోయి చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తాయి. ఇది మందు వల్లేనని తెలియక ఇళ్లలో తగాదాలు నడుస్తుంటాయి. మందు మొదలైన నెలలోపు స్వభావం మారితే దాన్ని దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి, వేరే మందు ఉంది.

ఆ వేరే మందు చాలాసార్లు లామోట్రిజిన్. మనసు తేటగా ఉంచుతుంది, మగత తక్కువ, గర్భిణులకు బాగా నమ్మకమైనది. సనాడ్ టూ అధ్యయనంలోనే, ఒక చోట మొదలయ్యే ఫిట్స్‌కు లామోట్రిజిన్‌కు లెవిటిరాసెటం సరితూగలేకపోయింది. మరి అందరికీ మొదట ఇదే ఎందుకు రాయరు? ఓపిక కావాలి కాబట్టి. కొన్ని వారాల పాటు మెల్లగా పెంచాలి, తొందరపడితే ప్రమాదకరమైన దద్దుర్లు వస్తాయి. వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఇంకా మెల్లగా పెంచాలి. వారం పాటు మందు మానేస్తే పాత మోతాదు నుంచి కాదు, మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలి. గర్భంలో దీని స్థాయి రక్తంలో పడిపోతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి రావచ్చు.

కుటుంబ నియంత్రణ గోలీలు వాడే ఆడవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఫినోబార్బిటాల్, ఫినటాయిన్, కార్బమజపీన్ ఉంటే మాలా-ఎన్ లాంటి గోలీలు సరిగ్గా పనిచేయవు, గర్భం రావచ్చు. లామోట్రిజిన్‌తో ఇది ఎదురు తిరుగుతుంది: ఆ గోలీలే లామోట్రిజిన్‌ను తగ్గించి ఫిట్స్ తెప్పించవచ్చు. కాపర్-టి కి ఈ గొడవ లేదు.

క్లోబజాం, టోపిరామేట్

క్లోబజాం ఎక్కువగా రెండో మందుగా జతచేస్తారు, కొన్ని నెలలకు పట్టు తగ్గవచ్చు, మగత ఉంటుంది. టోపిరామేట్ బరువు తగ్గిస్తుంది, మాటలు వెతుక్కునేలా చేస్తుంది, కిడ్నీ రాళ్లు రావచ్చు, గర్భిణులకు మంచిది కాదు. మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది: ఇది చెమట తగ్గిస్తుంది. మిర్యాలగూడ, నల్లగొండ ఎండల్లో మే నెలలో ఆడుకునే పిల్లలకు చెమట పట్టకపోతే ఒళ్లు వేడెక్కి ప్రమాదం. ఈ మందు వాడే పిల్లల్ని ఎండ వేళ బయటికి పంపొద్దు, నీళ్లు బాగా తాగించండి.

| మందు | ఏ రకం ఫిట్స్‌కు | మింగడం | కనిపెట్టి ఉండాల్సింది | పిల్లలు కనే వయసులో |
|---|---|---|---|---|
| ఫినోబార్బిటాల్ | చాలా రకాలు, ఆగిపోయే రకానికి కాదు | రాత్రి ఒకసారి | మగత, పిల్లల చదువు | వీలైతే వద్దు |
| ఫినటాయిన్ | ఒక చోట మొదలయ్యేవి | ఒకటి రెండు సార్లు | తూలు, చిగుళ్లు, ఎముకలు | వీలైతే వద్దు |
| కార్బమజపీన్ | ఒక చోట మొదలయ్యేవి | రెండు సార్లు | దద్దుర్లు, సోడియం | మోతాదును బట్టి కొంత ప్రమాదం |
| వాల్‌ప్రోయేట్ | రెండు వైపులా మొదలయ్యేవి | ఒకటి రెండు సార్లు | బరువు, వణుకు, కాలేయం | వేరే దారి లేకపోతే తప్ప వద్దు |
| లెవిటిరాసెటం | రెండు రకాలు | రెండు సార్లు | కోపం, కుంగుబాటు | మంచిది |
| లామోట్రిజిన్ | రెండు రకాలు | ఒకటి రెండు సార్లు | దద్దుర్లు, మెల్లగా పెంచడం | మంచిది, స్థాయి చూడాలి |

మీ ఇంటి సంగతిని బట్టి

పాలమూరు నుంచి ముంబై, పుణె వైపు పనికి పోయే కుటుంబాలకు మందు ఆగిపోవడమే పెద్ద శత్రువు. నారాయణపేట నుంచో మక్తల్ నుంచో బస్సెక్కిన మనిషికి నెల తిరిగేసరికి అక్కడ చీటీ లేదు, షాపువాడు ఇవ్వడు. ఇలాంటివాళ్లకు లామోట్రిజిన్ సరిపడదని నా అభిప్రాయం. వారం ఆగితే మళ్లీ మొదటికి రావాలి. లెవిటిరాసెటం మేలు, అది భరించలేనివాళ్లకు రాత్రి ఒక్కసారి మింగే ఫినోబార్బిటాల్ కూడా ఆలోచించదగ్గదే, దొరికే హామీ ఉంటే. ఏదైనా సరే, బయల్దేరే ముందు రెండు నెలల మందు, ఫోన్‌లో చీటీ ఫొటో, మందు అసలు పేరు వెంట ఉండాలి. కంపెనీ పేరు ఊరు మారితే మారుతుంది, అసలు పేరు మారదు. జనఔషధి కేంద్రంలో ఇదే పేరుతో చవకగా దొరుకుతుంది. అయితే ఫిట్స్ అదుపులో ఉన్నప్పుడు నెలకో కంపెనీ మార్చొద్దు, ఫినటాయిన్ విషయంలో మరీ. ఒకటి పట్టుకుంటే దాన్నే కొనసాగించండి.

కల్లు తాగే అలవాటున్న ఇళ్లకు సూటిగా చెప్పాలి. చెట్టు మీద నుంచి దించిన కల్లు వేరు, దుకాణంలో దొరికే కల్తీ కల్లు వేరు. అందులో ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలిపినట్టు దాడుల్లో పదేపదే దొరికింది. సరఫరా ఒక్కసారిగా ఆగిన రోజుల్లో వణుకు, వింత ప్రవర్తన, ఫిట్స్‌తో జనం దవాఖానలకు చేరడం ఈ జిల్లాలు చూసినవే. ఆ మత్తు మందుకు అలవాటుపడ్డ మెదడు, అది అందకపోతే ఫిట్స్ తెచ్చుకుంటుంది. అలాంటి మనిషికి మూర్ఛ అని ముద్ర వేసి ఏళ్ల తరబడి గోలీలు ఇవ్వడం కంటే, కల్లును డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా మాన్పించడం సరైన దారి. నిజంగానే మూర్ఛ ఉన్నవాళ్లు ఆ కల్లు మీద ఫినోబార్బిటాల్, క్లోబజాం మింగితే మత్తు మీద మత్తు చేరి ఊపిరి మందగిస్తుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పాల్సిన మాట ఇది.

అరవై దాటినవాళ్లకు మొదటిసారి ఫిట్స్ వస్తే వెనక పక్షవాతమో, మతిమరుపు జబ్బో ఉండే అవకాశం ఎక్కువ. అల్జీమర్స్ ఉన్నవాళ్లకు మామూలు వృద్ధుల కంటే ఫిట్స్ ఎక్కువగా వస్తాయి. వీళ్లకు లెవిటిరాసెటం, లామోట్రిజిన్ వైపే మొగ్గాలి. వాల్‌ప్రోయేట్ పెద్దవాళ్లలో వణుకు, బిగుసుకుపోవడం తెచ్చి పార్కిన్సన్స్ జబ్బులా కనిపిస్తుంది. మందు ఆపితే చాలామందిలో తగ్గిపోతుంది, తెలియకపోతే పార్కిన్సన్స్ మందు కూడా నెత్తిన పడుతుంది. మెదడు కణాలను వాల్‌ప్రోయేట్ కాపాడుతుందేమో అన్న ఆశతో అల్జీమర్స్ రోగుల్లో ఒకప్పుడు పరీక్షించారు. మేలు జరగలేదు, పైగా మెదడు కుంచించుకుపోవడం వేగంగా కనిపించింది. లెవిటిరాసెటం‌ను చిన్న మోతాదులో ఇచ్చి చూసిన 2021 నాటి ఒక చిన్న అధ్యయనంలో అందరికీ కాదు గానీ, మెదడు తరంగాల్లో మూర్ఛ జాడలున్న అల్జీమర్స్ రోగులకు కొన్ని పరీక్షల్లో మెరుగు కనిపించింది. అది ఇంకా పరిశోధనే. మతిమరుపు తగ్గుతుందని ఎవరైనా దాన్ని రాస్తే ఒప్పుకోవద్దు.

ఆకు పసర్లు, పొట్లాల పొడులు కూడా చాలా ఇళ్లలో ఒక ఎంపికే కాబట్టి దాటవేయను. బ్రాహ్మి లాంటి మొక్కల సారం ఎలుకల్లో ఫిట్స్‌ను తగ్గించిందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి, ఆ పని విలువైనదే. కానీ షాక్ ఇచ్చిన ఎలుకలో ఆగిన ఫిట్స్‌కు, మీ పిల్లాడి మూర్ఛకు మధ్య మనుషుల్లో చేయాల్సిన ఏళ్ల పరీక్షలు ఉంటాయి. ఆ దూరం దాటిన ఆకు మందు ఇప్పటికి లేదు. పేరు లేని పొడుల్లో ఫినోబార్బిటాల్ కలిపి అమ్మిన సంగతులు మన దేశంలో పరీక్షల్లో బయటపడ్డాయి. పొడి తింటే తగ్గిందంటే కారణం అదే కావచ్చు. పొడి అయిపోయిన రోజు ఫిట్స్ విరుచుకుపడడానికీ కారణం అదే. దర్గాకు, గుట్టకు వెళ్లడం మీ నమ్మకం, వెళ్లండి, గోలీ మాత్రం మానొద్దు. చెరువుగట్టు, కురుమూర్తి జాతరల్లో రాత్రంతా మేలుకోవడం, ఒక్కపొద్దు పేరుతో మందు వేళ తప్పడం, రెండూ ఫిట్స్ తెప్పిస్తాయి. నీళ్లతో గోలీ మింగినంత మాత్రాన ఉపవాసం చెడదని ఇంట్లో పెద్దవాళ్లను ముందే ఒప్పించుకోండి.

రెండు మందులకూ లొంగకపోతే

గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ అనే డాక్టర్లు 2000లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ దారి చూపుతుంది. కొత్తగా మందు మొదలుపెట్టినవాళ్లలో నూటికి 47 మందికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి. రెండో మందుతో ఇంకో 13 మందికి. మూడో మందుతోనో, రెండు కలిపో ఆగింది కేవలం 4 మందికి. అంటే సరైన మందు, సరైన మోతాదు రెండుసార్లు ప్రయత్నించాక కూడా ఫిట్స్ ఆగకపోతే, మూడోది, నాలుగోది, అయిదోది మారుస్తూ ఏళ్లు పోగొట్టుకోవడంలో అర్థం లేదు. మెదడులో ఫిట్స్ పుట్టే చోటును కనిపెట్టి ఆపరేషన్ చేయవచ్చేమో చూడాలి. కొందరు పిల్లలకు కొవ్వు ఎక్కువ, పిండి తక్కువ ఉండే కీటోజెనిక్ ఆహారం వైద్యుల పర్యవేక్షణలో పనిచేస్తుంది.

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్‌లలో ఇప్పుడు సర్కారు మెడికల్ కాలేజీలు ఉన్నాయి. మొదటి మందు అక్కడే మొదలుపెట్టవచ్చు. రెండో మందూ ఫెయిలైతే బీబీనగర్ ఎయిమ్స్‌కో, హైదరాబాద్ నిమ్స్‌కో రాయించుకోండి. ఆపరేషన్ అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. వెళ్లేటప్పుడు ఫిట్స్ వీడియో, వచ్చిన తేదీలు రాసిన కాగితం, ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, గరిష్ఠంగా ఎంత మోతాదు ఎన్ని నెలలు వాడారు, ఎందుకు ఆపారు అన్నది రాసి తీసుకెళ్లండి. పాత స్కాన్ ఫిల్ములు, ఖాళీ గోలీ రేకులు కూడా సంచిలో వేసుకోండి. ఫిట్స్ అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని, అప్పటిదాకా ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే మీ మనిషికి పనికొస్తుందేమో రాయమని అదే రోజు అడగండి.